జవాబు రాసినవారి మాటలతో వెతకడం

గోదావరికి వరద వచ్చే జులై, ఆగస్టు నెలల్లో కోనసీమలోని లంక గ్రామాల (నది మధ్య దీవుల్లో ఉన్న ఊళ్ల) మనిషి ఎవరైనా ఫోనులో ‘లంక వరద’ అని రాసి వెతికితే, తెర మీద శ్రీలంక వార్తలు ముందు కనిపించే అవకాశం చాలా ఉంది. పాలకొల్లు దగ్గర వరి రైతు ‘దోమ మందు’ అని వెతికితే ఇంట్లో దోమలను తరిమే కాయిళ్లూ ద్రావకాలూ అమ్మే దుకాణాలు వరస కడతాయి. ఆయన అడగదలచుకున్నది చేలో దుబ్బుల మొదట్లో చేరి రసం పీల్చే సుడిదోమ గురించి. భీమవరం పక్కనున్న ఉండి మండలం కోసం ‘ఉండి’ అన్న ఒక్క మాటే రాస్తే, ఆ మాట క్రియగా వచ్చే లెక్కలేనన్ని తెలుగు వాక్యాలు అడ్డం పడతాయి. ఈ మూడు సందర్భాల్లోనూ సమాచారం నెట్‌లో లేకపోలేదు, సెర్చ్ ఇంజిన్ పాడైపోనూ లేదు. అడిగినవారు రాసిన మాటలకూ, జవాబు ఉన్న పేజీలో దాన్ని రాసినవారు వాడిన మాటలకూ మధ్య దూరం ఉంది. ఆ దూరం ఎందుకు ఏర్పడుతుందో, తెలుగులో వెతికేవారికి అది ఇంకాస్త ఎక్కువ ఎందుకవుతుందో అర్థమైతే, దాన్ని తగ్గించుకునే పద్ధతులు ఎవరికైనా పట్టుబడతాయి.

సెర్చ్ ఇంజిన్ మనం అడిగిన క్షణంలో నెట్ అంతా గాలించి రాదు. దాని పని చాలా ముందే జరిగిపోయి ఉంటుంది. క్రాలర్లు అనే ప్రోగ్రాములు ఒక పేజీలోని లింకు పట్టుకుని ఇంకో పేజీకి, అక్కడి నుంచి మరో పేజీకి పోతూ చదివిన ప్రతిదాన్నీ తెచ్చి జమ చేస్తాయి. అలా తెచ్చినవాటి నుంచి ఒక పెద్ద సూచీ తయారవుతుంది. పుస్తకం చివర ఉండే పదసూచికలో ఏ మాట ఏయే పేజీల్లో వచ్చిందో రాసినట్టే, ఈ సూచీలో ప్రతి మాటకూ ఎదురుగా ఆ మాట ఉన్న వెబ్ పేజీల జాబితా ఉంటుంది. మనం నాలుగు మాటలు రాస్తే ఆ నాలుగు జాబితాలనూ కలిపి చూసి, వచ్చిన పేజీలను ఏదో ఒక క్రమంలో పేర్చి చూపిస్తుంది. మనం చూసేది ఆ పేర్పులోని మొదటి పది మాత్రమే. సూచీలోకి ఎక్కని పేజీ ఎంత మంచిదైనా, ఎన్ని విధాలుగా అడిగినా రాదు. సూచీలోకి ఎక్కినా మనం రాసిన మాట గానీ, దానికి దగ్గరి మాట గానీ అందులో లేకపోతే పైకి రావడం కష్టం.

పేర్పు ఎలా జరుగుతుందన్నది రహస్యంగా ఉంచే విషయమే అయినా, దాని పునాదిలో ఉన్న రెండు ఆలోచనలు అందరికీ తెలిసినవే. మొదటిది 1972లో కారెన్ స్పార్క్ జోన్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త చెప్పింది: అన్ని పత్రాల్లోనూ కనిపించే మాటకు విలువ తక్కువ ఇవ్వాలి, కొద్ది పత్రాల్లోనే కనిపించే మాటకు విలువ ఎక్కువ ఇవ్వాలి. రెండోది 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ల్యారీ పేజ్, సెర్గీ బ్రిన్ ప్రతిపాదించి, గూగుల్‌కు పునాదిగా వేసుకున్న పేజ్‌ర్యాంక్: ఒక పేజీకి ఇతర పేజీలు ఇచ్చే లింకులను ఓట్లలాగా లెక్కించాలి, ఎక్కువ మంది నమ్మే పేజీ ఇచ్చిన లింకుకు ఎక్కువ బరువు ఇవ్వాలి. ఇప్పుడు వీటికి తోడు మరెన్నో కొలతలు చేరాయి. వాక్యంలోని మాటల సంబంధాన్ని బట్టి అర్థం పట్టుకునే బెర్ట్ అనే పద్ధతిని గూగుల్ 2019 నుంచి వాడుతోంది. అయినా ఆ రెండు పునాదుల ప్రభావం వెతికేవారికి ఇప్పటికీ తగులుతూనే ఉంటుంది.

మొదటి ఆలోచన నుంచి మనకు అందే ఉపయోగం ఏమిటంటే, వాక్యాన్ని పొడిగించడం కన్నా అరుదైన మాట ఒకటి చేర్చడం మేలు. ‘గోదావరిలో నీళ్లు ఇప్పుడు ఎంత ఉన్నాయి’ అనే ప్రశ్నలో ఎక్కడైనా దొరికే మాటలే ఉన్నాయి. ‘ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ నీటిమట్టం అడుగులు క్యూసెక్కులు’ అన్నదాంట్లో ప్రతి మాటా జల్లెడ పడుతుంది. వరద వార్త రాసే విలేకరి, ఇరిగేషన్ శాఖ ప్రకటన రాసే ఉద్యోగి ఈ మాటలు లేకుండా రాయలేరు. ధవళేశ్వరం వద్ద 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారని తెలిసినవారు ‘మూడో ప్రమాద హెచ్చరిక 17.75’ అని అంకెతో సహా రాసి వెతకవచ్చు. అంకె చాలా అరుదైన మాట కింద లెక్క. భద్రాచలం హెచ్చరికల అంకెలు 43, 48, 53 అడుగులు కాబట్టి, అంకె రాయగానే ఆ ఊరి వార్తలూ ఈ ఊరి వార్తలూ వేరుపడతాయి.

లింకుల లెక్క వల్ల తెలుగువారికి జరిగే నష్టం అంతగా ఎవరూ మాట్లాడరు. తెలుగు వెబ్‌లో ఒకరు రాసినదానికి మరొకరు లింకు ఇచ్చే అలవాటు తక్కువ. అందువల్ల 1925 నుంచి పనిచేస్తున్న మారుటేరు వరి పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఎంతో శ్రమతో తయారుచేసిన కరపత్రం ఎక్కడో అడుగున ఉండిపోవచ్చు, అదే తెగులు మీద నాలుగు వాక్యాలు రాసి చుట్టూ ప్రకటనలు నింపుకున్న పేజీ పైకి తేలవచ్చు. పైన వచ్చిందే సరైనదనుకోవడం ఇక్కడ ఇంగ్లిష్‌లో కన్నా ఎక్కువ ప్రమాదం. రెండో పేజీ, మూడో పేజీ దాకా పోయి చూసే ఓపిక తెలుగులో వెతికేవారికి నిజంగా పనికొస్తుంది.

అసలు నైపుణ్యమంతా ఒక ఊహలో ఉందని నా నమ్మకం. నాకు కావలసిన జవాబు ఎవరు రాసి ఉంటారు? ఎవరి కోసం రాసి ఉంటారు? వాళ్లు దీన్ని ఏమని పిలుస్తారు? వెతకబోయే ముందు ఈ మూడు ప్రశ్నలూ వేసుకుంటే సగం పని అయిపోతుంది. డెల్టాలో మొదటి పంటను సార్వా అంటాం, రెండో పంటను దాళ్వా అంటాం. వ్యవసాయ శాఖ పత్రాల్లో అవి ఖరీఫ్, రబీ అవుతాయి. దాళ్వాకు కాలువ నీళ్లు ఎప్పటిదాకా ఇస్తారన్న కబురు కావాలంటే ‘దాళ్వా’ అనే రాయాలి, ఎందుకంటే ఆ వార్త జిల్లా విలేకరి రాస్తాడు, ఆయనదీ ఇదే ఊరు. అదే పంటకు మద్దతు ధర, బీమా గడువు, పంట నమోదు నిబంధన కావాలంటే ‘రబీ’ అని, వీలైతే ఇంగ్లిష్‌లో, సంవత్సరంతో కలిపి రాయాలి, ఎందుకంటే అది అమరావతిలోనో ఢిల్లీలోనో తయారైన పత్రం. రెండు మాటల అర్థం ఒకటే. కానీ ఒకటి జిల్లా పేజీలకు, మరొకటి శాఖల పత్రాలకు తీసుకుపోతుంది.

వరి రకాల పేర్లలో కూడా ఇదే తంతు. మారుటేరు నుంచి 1982లో విడుదలైన స్వర్ణ రకం గురించి ‘స్వర్ణ’ అని వెతికితే బంగారం ధరలు, నగల దుకాణాలు వస్తాయి. పరిశోధన కేంద్రం దాన్ని ఎంటీయూ 7029 అంటుంది. అలాగని ఉత్త ‘ఎంటీయూ’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసినా తిప్పలే, ఎందుకంటే నెట్‌వర్కుల వాళ్లకు ఆ మూడక్షరాలకు వేరే అర్థముంది, జర్మనీలో ఆ పేరుతో ఇంజిన్ల కంపెనీ ఉంది. అంకె, దానితోపాటు ‘వరి’ అన్న మాట, రెండూ చేరితే గానీ వెతుకులాట నిలబడదు. పైన చెప్పిన దోమ సంగతీ అంతే: ‘వరి సుడిదోమ’ అంటే తెలుగు కరపత్రాలు వస్తాయి, ఇంగ్లిష్‌లో బ్రౌన్ ప్లాంట్ హాపర్ అంటే విశ్వవిద్యాలయాల నివేదికలు వస్తాయి. కొబ్బరి ఆకుల అడుగున తెల్లగా పేరుకునే పురుగును తోటల్లో తెల్లదోమ అంటారు; అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం రాసే పత్రాల్లో అది సర్పిలాకార తెల్లదోమ, ఇంగ్లిష్‌లో రుగోస్ స్పైరలింగ్ వైట్‌ఫ్లై. ‘తెల్లదోమ’ మటుకే రాస్తే పత్తి, మిరప, కూరగాయల తెల్లదోమలన్నీ కలిసి వస్తాయి.

ఊళ్ల పేర్లు మరింత చిక్కు పెడతాయి. నరసాపురం మనకు వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉంది. నర్సాపూర్ తెలంగాణలోని మెదక్ జిల్లాలో ఉంది. ఇంగ్లిష్‌లో రెంటినీ ఒకేలా రాసేవారు చాలామంది. పశ్చిమ గోదావరిలో పెనుగొండ, రాయలసీమలో పెనుకొండ. గోదావరి గట్టున కొవ్వూరు, నెల్లూరు పక్కన కోవూరు. రామచంద్రపురం మన దగ్గర ఒకటి, హైదరాబాద్ శివారులో ఒకటి. ఇలాంటి పేరుకు పక్కన జిల్లా పేరు రాయడం అందరూ చెప్పే సలహా. అయితే ఇక్కడ జిల్లా పేరే ఒక మడతపేచీ. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలను 26గా చేసినప్పుడు అమలాపురం తూర్పు గోదావరి నుంచి కోనసీమకు మారింది. పశ్చిమ గట్టున ఉన్న కొవ్వూరు, నిడదవోలు తూర్పు గోదావరిలోకి వెళ్లాయి. ఏలూరు పశ్చిమ గోదావరికి ముఖ్యపట్టణం కాకుండా పోయి, ఆ హోదా భీమవరానికి వచ్చింది. కాబట్టి 2011 జనాభా లెక్కలు, పాత జీవోలు, పాత కోర్టు తీర్పులు కావాలంటే అమలాపురానికి ‘తూర్పు గోదావరి’ అనే రాయాలి, ఇప్పటి అధికారుల వివరాలు కావాలంటే కొత్త పేరు రాయాలి. ఇంకా వెనక్కి పోతే 1925కు ముందు పశ్చిమ గోదావరి అన్న జిల్లాయే లేదు. 2015కు ముందు రాజమహేంద్రవరాన్ని అధికారికంగా రాజమండ్రి అన్నారు. బ్రిటిష్ కాలపు ఇంగ్లిష్ పత్రాల్లో కాకినాడ ‘కోకనాడ’గా, ఏలూరు ‘ఎల్లోర్’గా, మచిలీపట్నం ‘మసూలిపటం’గా కనిపిస్తాయి. 1847 నుంచి 1852 వరకు ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట గురించిన మూల పత్రాలు, పాత పుస్తకాలూ వెబ్ పేజీలూ దాచి ఉంచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి చోట్ల ఉచితంగానే ఉన్నాయి, కానీ ఇప్పటి అక్షర క్రమంతో వెతికేవారికి అవి అందవు. ధవళేశ్వరం అన్న పేరునే ఆనాటి ఇంగ్లిష్ వాళ్లు రకరకాలుగా రాశారు. వీలైనన్ని రూపాలు ఒకదాని తరవాత ఒకటి ప్రయత్నించాల్సిందే.

యానాం వారిది ఇంకో బాధ. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పరిపాలన పుదుచ్చేరిది. అక్కడి మనిషి ‘వృద్ధాప్య పింఛను దరఖాస్తు’ అని తెలుగులో రాస్తే మాటను బట్టి, ఉన్న చోటును బట్టి ఆంధ్రప్రదేశ్ పథకాలే వస్తాయి. ‘పుదుచ్చేరి’ అని చేర్చి, ఇంగ్లిష్‌లో కూడా ఒకసారి వెతకకపోతే తనకు వర్తించే నిబంధన కంటపడదు.

ఇక భాష స్వభావం వల్ల వచ్చే ఇబ్బంది. ఇంగ్లిష్‌లో ఊరి పేరు వాక్యంలో ఎక్కడున్నా ఒకేలా ఉంటుంది. తెలుగులో ధవళేశ్వరం, ధవళేశ్వరంలో, ధవళేశ్వరానికి, ధవళేశ్వరాన్ని అంటూ విభక్తి చేరిన ప్రతిసారీ మాట రూపం మారుతుంది. ఇంజిన్లు ఈ రూపాలను కొంతవరకు కలిపి చూడగలుగుతున్నా, తెలుగులో నేర్చుకోవడానికి దొరికిన పాఠ్యం తక్కువ కావడంతో ఇంగ్లిష్‌లో చూపే నేర్పు ఇక్కడ చూపడం లేదు. దీనివల్ల ఒక ముఖ్యమైన తేడా వస్తుంది. రెండు కొటేషన్ గుర్తుల మధ్య మాటలు పెడితే అవి అదే రూపంలో, అదే వరసలో ఉన్న పేజీలనే చూపించమని అర్థం. ఇంగ్లిష్‌లో ఇది ఎంతో పనికొచ్చే సాధనం. తెలుగులో మాత్రం ఒక్క మాటకు కొటేషన్లు పెడితే విభక్తి చేరిన రూపాలు జారిపోవచ్చు. అందుకని తెలుగులో ఒక్క మాటకు కాకుండా, పత్రికలవాళ్లు మార్పు లేకుండా వాడే పదబంధానికి కొటేషన్లు పెట్టడం మంచిది: ‘లంక గ్రామాలు’, ‘ధవళేశ్వరం వద్ద’, ‘ప్రమాద హెచ్చరిక’. ‘లంక గ్రామాలు’ అని కొటేషన్లలో పెట్టడంతోనే శ్రీలంక చాలావరకు తప్పుకుంటుంది. ఇంకా మిగిలితే ‘శ్రీలంక’ అన్న మాట ముందు ఖాళీ లేకుండా మైనస్ గుర్తు పెట్టి చేర్చాలి. ఆ మాట ఉన్న పేజీలను తీసేయమని దాని అర్థం. వెనుకటి రోజుల్లో మాట ముందు ప్లస్ గుర్తు పెట్టమని చెప్పేవారు, 2011 నుంచి గూగుల్‌లో ఆ గుర్తుకు ఆ పని లేదు.

రాసే తీరులోనూ ఏకరూపత లేదు. అంబాజీపేట అని కొందరు, అంబాజిపేట అని కొందరు, నరసాపురం, నర్సాపురం, మారుటేరు, మార్టేరు. పైగా ఒకే విషయం తెలుగు లిపిలోనూ, ఇంగ్లిష్‌లోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగులోనూ ఉంటుంది. ఈ మూడింటి వెనుకా వేర్వేరు రచయితలున్నారు. పత్రికల వార్తలు తెలుగు లిపిలో, ప్రభుత్వ ఉత్తర్వులూ పరిశోధన పత్రాలూ ఎక్కువగా ఇంగ్లిష్‌లో, వీడియోల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల తెలుగులో ఉండటం పరిపాటి. రొయ్యల చెరువుల మీద, కొబ్బరి తోటల మీద అనుభవంతో మాట్లాడే రైతుల వీడియోలు ఎన్నో ఉన్నాయి. వాటిని వెతికేటప్పుడు పెట్టినవారు పేరు ఎలా రాసి ఉంటారో అలాగే, ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాసి చూడాలి. ముఖ్యమైన విషయాన్ని మూడు విధాలుగానూ వెతకకుండా ‘నెట్‌లో లేదు’ అని తేల్చేయడం తొందరపాటు.

నిజంగానే దొరకనివి కూడా కొన్ని ఉన్నాయి, వాటిలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది పాత ఖతుల (ఫాంట్ల) సంగతి. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లు ఒకే సంకేతాలు వాడేలా చేసిన యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కానీ మన ముద్రణ రంగం చాలాకాలం అను వంటి ఖతుల మీదే నడిచింది, ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోంది. ఆ ఖతుల్లో కూర్చిన కరపత్రాన్ని పీడీఎఫ్‌గా మార్చి నెట్‌లో పెడితే కంటికి చక్కని తెలుగు కనిపిస్తుంది, లోపల మాత్రం అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ ఉంటాయి. సెర్చ్ ఇంజిన్ చదివేది లోపలిదాన్ని. సుడిదోమ మీద రాసిన ఆ కరపత్రంలో ‘సుడిదోమ’ అన్న మాట ఇంజిన్ లెక్కలో లేనట్టే. పత్రికల పాత వెబ్‌సైట్లు సొంత ఖతులు వాడిన కాలపు వార్తలకూ ఇదే గతి పట్టింది. ఇలాంటి పత్రాలను పట్టుకోవాలంటే వాటి చుట్టూ ఉన్న ఇంగ్లిష్ మీద ఆధారపడాలి: ఫైలుకు పెట్టిన పేరు, ఆ ఫైలుకు లింకు ఇచ్చిన పేజీ శీర్షిక, సంస్థ పేరు. ఇంగ్లిష్‌లో పంట పేరు, సంస్థ పేరు రాసి, పక్కన ఫైల్‌టైప్ అన్న ఇంగ్లిష్ మాట, కోలన్ గుర్తు, పీడీఎఫ్ అన్న మూడక్షరాలు మధ్యలో ఖాళీ లేకుండా చేరిస్తే పీడీఎఫ్ పత్రాలే వస్తాయి. వాటిని ఒక్కొక్కటీ తెరిచి కంటితో చూసుకోవాలి.

ఇప్పుడు ఒక వెతుకులాటను మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. భీమవరం వైపు వనామీ రొయ్యల చెరువు ఉన్న రైతు, మేత ఎంత తింటున్నాయో చూసే చెక్ ట్రేలో మేత మిగలడం, నీటి మీద తెల్లటి దారాల్లాంటి రెట్ట తేలడం గమనించాడనుకుందాం. చెరువుల దగ్గర దీన్ని వైట్ గట్ అంటారు. సహజంగా ఆయన రాసే మాటలు ‘రొయ్యలకు వైట్ గట్ మందు’. ఆ ప్రశ్నలో జవాబును ముందే ఊహించిన మాట ఒకటుంది: మందు. ఆ మాట రాయగానే, మందు ఉందని చెప్పేవారి పేజీలే, అంటే మందులు అమ్మేవారి పేజీలే, ముందుకొస్తాయి. ఆ ఫలితాల్లో ఏదో ఒకదాన్ని చదువుతూ మందు పేరు వదిలేసి, తెగులుకు వాళ్లు వాడిన ఇతర పేర్లను ఏరుకోవాలి. అక్కడ వైట్ ఫీసెస్ సిండ్రోమ్ (తెల్ల రెట్ట తెగులు), విబ్రియో (ఒక బ్యాక్టీరియా), ఈహెచ్‌పీ అన్న మాటలు దొరుకుతాయి. రెండో విడతలో ఈ మాటలను ఇంగ్లిష్‌లో రాసి, పక్కన చెన్నైలోని ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ పొట్టిపేరు సీబా చేర్చి, ‘మందు’కు బదులు నివారణ అన్న అర్థంలో మేనేజ్‌మెంట్ అని రాస్తే ఫలితాల రంగే మారిపోతుంది. ఈహెచ్‌పీ రొయ్య జీర్ణగ్రంథి కణాల్లో పెరిగే సూక్ష్మ పరాన్నజీవి అనీ, దాన్ని చెరువులో చంపి పంటను కాపాడే మందు అంటూ ఏదీ లేదనీ, పీసీఆర్ పరీక్ష (జన్యు పదార్థాన్ని బట్టి రోగకారకాన్ని పట్టే ల్యాబ్ పరీక్ష) చేసిన సీడు, అంటే రొయ్య పిల్లలను, తెచ్చుకోవడం, పంటకూ పంటకూ మధ్య చెరువు ఎండగట్టి కాల్చిన సున్నంతో మట్టిని శుద్ధి చేయడం మీద ఆధారపడాలనీ అక్కడ తెలుస్తుంది. మొదటి ప్రశ్నకు ఈ జవాబు రాదు, ఎందుకంటే ఈ పేజీలు రాసినవారు ‘మందు’ అన్న మాట వాడరు. మూడో విడతలో ఆయన మళ్లీ తెలుగులోకి వచ్చి ‘ఈహెచ్‌పీ పీసీఆర్ పరీక్ష ల్యాబ్’ అని తన ఊరి పేరుతో వెతుక్కోవచ్చు. ఈ క్రమంలో ఎక్కడైనా యాంటీబయాటిక్ పేరు ఎదురైతే, ఆ పేరుతో పాటు, సముద్ర ఉత్పత్తుల ఎగుమతులను చూసే కేంద్ర సంస్థ పొట్టిపేరు ఎంపెడా చేర్చి వెతకాలి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు రొయ్యల పెంపకంలో నిషేధించినవి. వాటి అవశేషాలు కనిపిస్తే ఎగుమతి సరుకు తిరిగి వస్తుంది. వెతికే మాటలను ఒక విడత నుంచి ఇంకో విడతకు మెరుగుపరుచుకుంటూ పోవడమే ఈ పద్ధతి. మొదటి ప్రశ్నతోనే జవాబు రావాలని పట్టుబట్టేవారికి అమ్మకందారు ముందు దొరుకుతాడు.

ఒక సంస్థ పేజీల్లోనే వెతకడానికి చక్కని సదుపాయం ఉంది. ఇంగ్లిష్‌లో సైట్ అని రాసి, కోలన్ గుర్తు పెట్టి, ఖాళీ లేకుండా ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్ అని చేరిస్తే రాష్ట్ర ప్రభుత్వ పేజీలే వస్తాయి. ఎంపెడా వారివి కావాలంటే ఎంపెడా డాట్ జీఓవీ డాట్ ఇన్, వ్యవసాయ విశ్వవిద్యాలయం వారివి కావాలంటే ఆంగ్రౌ డాట్ ఏసీ డాట్ ఇన్, పుదుచ్చేరి వారివి కావాలంటే పీవై డాట్ జీఓవీ డాట్ ఇన్. ప్రభుత్వ సేవలకు ఇది తప్పనిసరి అనే చెబుతాను. పేరులో ఒక్క అక్షరం తేడాతో, అధికారిక ముద్రలాంటి బొమ్మతో డబ్బు గుంజే నకిలీ పేజీలు ఫలితాల్లో కలిసి వస్తుంటాయి. కొన్నిసార్లు అవి ‘స్పాన్సర్డ్’ అన్న చిన్న అక్షరాల కింద, అంటే డబ్బు కట్టిన ప్రకటనగా, అన్నిటికన్నా పైన ఉంటాయి. బ్యాంకుల కస్టమర్ కేర్ నంబరు మాత్రం సెర్చ్ ఇంజిన్‌లో వెతకనే కూడదు. మోసగాళ్లు తమ నంబర్లను పేజీల్లో, మ్యాపుల్లో ఆ పేరుతో నాటుతారు. నంబరు పాసుపుస్తకం మీద, కార్డు వెనుక ఉంటుంది. ఒకవేళ మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి.

కాలం తెలియకుండా చదివిన సమాచారం ఎంత ముప్పు తెస్తుందో చేలకు వాడే మందుల విషయంలో బాగా తెలుస్తుంది. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో నిషేధించింది. ఉల్లికోడు అనే పురుగుకు ఒకప్పుడు వరిలో చల్లిన ఫోరేట్ గుళికలకు 2020 డిసెంబరు 31తో కాలం చెల్లింది. అంతకుముందు రాసిన పేజీలు మాత్రం నెట్‌లో అలాగే ఉన్నాయి, వాటిలో ఆ మందులూ మోతాదులూ నిన్న రాసినట్టే కనిపిస్తాయి. ఫలితాల పైనున్న టూల్స్‌లోకి పోయి గడిచిన ఏడాది అని ఎంచుకుంటే కొత్తవి వస్తాయి. ఇంగ్లిష్‌లో ఆఫ్టర్ అని గానీ బిఫోర్ అని గానీ రాసి, కోలన్ పెట్టి, సంవత్సరం చేర్చినా అదే పని జరుగుతుంది. ఇది రెండు వైపులా పదునున్న సాధనం. 2022 జులై వరదలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరినప్పుడు రాసిన వార్తలే కావాలనుకుంటే రెండు తేదీల మధ్య బిగించి వెతకవచ్చు. 1986 ఆగస్టులో అదే చోట 75.6 అడుగులు నమోదైన వరద గురించి మాత్రం ఆనాటి వెబ్ పేజీ అంటూ ఉండదు; తరవాతివారు రాసిన జ్ఞాపకాలు, శాఖల నివేదికలు, పోలికగా ప్రస్తావించిన 2022 వార్తలు ఉంటాయి. దానికి తేదీ పెట్టకుండా ‘1986 గోదావరి వరద’ అని సంవత్సరాన్ని ఒక మాటగా రాయాలి. తెరిచిన పేజీ మాయమైపోతే గూగుల్ తన దగ్గర దాచిన ప్రతిని చూపే క్యాష్ లింకు 2024లో పోయింది కాబట్టి, ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ చిరునామా పెట్టి పాత ప్రతి ఉందేమో చూసుకోవాలి.

వరద రోజుల్లో వాట్సాప్‌లో తిరిగే ఫొటోలకూ తేదీ ఉండదు. గట్టు తెగిందంటూ వచ్చిన ఫొటోను గూగుల్ లెన్స్‌లో పెడితే అదే బొమ్మ ఇంతకుముందు ఎక్కడెక్కడ వచ్చిందో చూపిస్తుంది. ఏళ్ల కిందటిదో, వేరే రాష్ట్రానిదో అయితే అప్పుడే బయటపడుతుంది. ఏ ఫలితమూ రాకపోతే అది కొత్త ఫొటో అని రుజువైనట్టు కాదు, ఇంజిన్ సూచీలో లేదని మాత్రమే తెలిసినట్టు.

2024 నుంచి గూగుల్ ఫలితాలకు పైన కృత్రిమ మేధ రాసిన సారాంశం కనిపిస్తోంది. విషయం మీద ఒక చూపు కలగడానికి, ముఖ్యంగా తెగుళ్ల ఇంగ్లిష్ పేర్లు తెలుసుకోవడానికి ఇది నిజంగా మేలు చేస్తుంది. ‘వరి దుబ్బుల మొదట్లో పురుగులు చేరి చేను సుడులుగా ఎండిపోతోంది’ అని లక్షణాలు రాస్తే పేరు అదే అందించవచ్చు. కానీ అది అనేక పేజీల నుంచి ఏరి కూర్చిన వాక్యాల ముద్ద. ఒక పేజీలోని మోతాదు ఎకరానికి, మరో పేజీలోది హెక్టారుకు ఉంటే ఆ తేడా కూర్పులో జారిపోవచ్చు. ఎకరానికీ హెక్టారుకూ మధ్య రెండున్నర రెట్ల తేడా ఉంది. మోతాదు, గడువు తేదీ, రుసుము, హెచ్చరిక మట్టం వంటి అంకె ఏదైనా సరే, సారాంశం పక్కనున్న లింకు తెరిచి మూలంలో చూసుకున్న తరవాతే నమ్మాలి.

సూచీకి అందని సమాచారం మరొక రకముంది. రాష్ట్ర భూరికార్డుల సైటు మీభూమిలో అడంగల్, 1బి వివరాలు గ్రామం పేరూ సర్వే నంబరూ నింపితే గానీ తెర మీదకు రావు. కోర్టు కేసుల స్థితి, ఓటర్ల జాబితా కూడా అంతే. క్రాలర్లు లింకులు పట్టుకుని పోగలవు గానీ ఫారాలు నింపి, తెర మీది అంకెలు చదివి లోపలికి పోలేవు. అందువల్ల తన పేరూ సర్వే నంబరూ సెర్చ్ ఇంజిన్‌లో రాసి ఏమీ రాలేదని రికార్డే లేదనుకోకూడదు. సెర్చ్ ఇంజిన్‌ను ఆ శాఖ అసలు పేజీ కనుక్కోవడానికి వాడి, మిగతా వెతుకులాట ఆ పేజీలోనే చేయాలి.

మరి కొన్ని జవాబులు ఎవరూ ఎక్కడా రాయలేదు. ఈ వారం తన చేలో కనిపిస్తున్న మచ్చ ఏమిటో ఏ పేజీలోనూ ఉండదు. అన్ని రూపాల్లోనూ వెతికి చూశాక కూడా స్పష్టత రాకపోతే రైతులు కిసాన్ కాల్ సెంటర్‌కు 1800 180 1551 నంబరు మీద ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. 2004 నుంచి నడుస్తున్న సేవ ఇది. వాళ్లు చెప్పిన తెగులు పేరును, మందు పేరును ఇంగ్లిష్ అక్షరక్రమంతో సహా అడిగి రాసుకుంటే, వాటితోనే మళ్లీ వెతికి విశ్వవిద్యాలయం చెప్పిన మోతాదు ఎంతో, ఆ మందుకు ఇప్పటికీ అనుమతి ఉందో లేదో సరిచూసుకోవడానికి వీలవుతుంది.